స్టిక్కరు కింద నంబరు

మెట్ల కింద ఇల్లు
వానలు మొదలైన వారం

వదినగారికి, మీ మరదలు రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడితే మీరు కాగితం అక్కడే చింపేస్తారు. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే. అందుకని నేరుగా పనిలోకి వస్తున్నాను. ఫోన్లో నా గొంతు వినలేనని, ఏదైనా ఉంటే రాసి పంపమని ఆయన్ని సాగనంపిన రోజు మీరన్నారు. ఆ మాట ప్రకారమే రెండేళ్ళుగా ఫోన్ చెయ్యలేదు.

మీ తమ్ముడి కారు అప్పటినుంచీ ఇంటి ముందు కదలకుండా నిలబడి ఉంది. పరదాలు కుట్టే పని ఈ మధ్య పెరిగింది. గుడ్డ తానులూ పొడుగు రాడ్లూ పట్టుకుని బస్సెక్కితే కండక్టరు నన్ను దించేస్తున్నాడు. కారు బాగు చేయించుకుందామని వీధి చివరి మెకానిక్కి చూపించాను. కొత్త బ్యాటరీ పెట్టాడు. దీపాలు వెలిగాయి గానీ ఇంజన్ లేవలేదు. డాష్‌బోర్డు కింద ఉండే కంప్యూటర్ బాక్సు దెబ్బతిని ఉంటుందన్నాడు. ఆ మోడల్‌కి కంపెనీ ఇప్పుడు కొత్తది చెయ్యడం లేదట, పాత బండ్ల యార్డులో వెతుక్కోవాలట. యార్డు అంటే నాకు తెలిసింది మీదొక్కటే.

నాకు బాక్సుల సంగతి ఓనమాలు కూడా తెలియవు. మా బండికి సరిపోయేది ఏదో, సరిపోనిది ఏదో ఎలా గుర్తుపట్టాలో కాస్త విడమరిచి రాయండి.

పిచ్చుక ఎలా ఉంది? నా కూతురి సంగతి మిమ్మల్ని అడగాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది, అయినా అడుగుతున్నాను. వేళకి తింటోందా? గోళ్ళకి ఇంకా ఆ నీలం రంగే వేసుకుంటోందా?

మీ మరదలు

పాత బండ్ల యార్డు, ముందు గది

మరదలికి,

ఉత్తరం అందింది. చేతిరాత కుదురుగా ఉంది. మొగుడు పోయిన మనిషికి చెయ్యి కాస్త వణుకుతుందనుకున్నాను.

బండి లేవడం లేదని ఇప్పటికి గుర్తొచ్చిందన్నమాట. లేవాల్సిన రోజున నీకు తొందర లేకపోయింది. నా తమ్ముడు గుండె పట్టుకుని విలవిల్లాడుతుంటే నువ్వు తీరిగ్గా బట్టలు మార్చుకున్నావు. ఆస్పత్రి వరండాలో నేను కళ్ళారా చూశాను కదా, ఇస్త్రీ మడత నలగని బట్టలు. పక్కన నీ కూతురు కూడా చూసింది. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ణి ఎత్తుకుని పెంచాను నేను. నీ చేతికిచ్చాక పదిలంగా ఉంటాడనుకున్నాను. ఆ రోజు నలుగురిలో అన్న మాటే ఇవాళ కాగితం మీద అంటున్నాను. వాణ్ణి తీసుకుపోయింది గుండె కాదు, నీ ఆలస్యం.

అయినా అడిగావు కాబట్టి చెప్తాను. అడిగిన మనిషిని ఏమీ చెప్పకుండా తిప్పి పంపడం నా ఇంటా వంటా లేదు.

మొదటి సంగతి, బండి లేవకపోతే ప్రతివాడూ పాపం బాక్సు మీదికి నెడతాడు. బాక్సుకి నోరు లేదు కదా. ముందు ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూడమను. ఫ్యూజులు చూడమను. పెట్రోలు పంపు చప్పుడు చేస్తోందో లేదో చెవి పెట్టి వినమను. ఇవన్నీ బాగుంటేనే బాక్సు జోలికి వెళ్ళాలి.

రెండోది, బాక్సు ఆకారం చూసి, ప్లగ్గు దూరింది కదా అని మురిసిపోకూడదు. ఒకే ఆకారం, ఒకే ప్లగ్గు, లోపల బుద్ధి వేరు. ఇంజన్ సైజు కలవాలి, తయారైన సంవత్సరం కలవాలి, గేర్లు ఏ రకమో కలవాలి. ఈ మూడూ కలిపి బాక్సు మీద స్టిక్కరుపై ఒక నంబరు ఉంటుంది, చివర ఒక అక్షరం. అంకెలన్నీ కలిసి ఆ ఒక్క అక్షరం కలవకపోయినా ఆ బాక్సు మీ బండిది కాదు. కొత్త బండ్లలో తాళంలో ఉండే చిప్పుకీ బాక్సుకీ కూడా జత కుదరాలి. మీది అంతకంటే పాతది, ఆ పేచీ లేదు.

స్టిక్కరు మీద ఏముందో రాసి పంపు. గ్యారేజీలో ఎవడో చెప్పింది కాదు, నీ కళ్ళతో చూసింది.

పిల్ల గోళ్ళు కత్తిరించేసింది. ఈ పనిలో గోళ్ళు పనికిరావు. కౌంటరులో నా పక్కనే కూర్చుంటుంది. నీ ఊసెత్తదు. ఎత్తితే చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఒక్కటీ లేదు.

వదిన

మెట్ల కింద ఇల్లు

వదినగారికి,

మీ తిట్లన్నీ చదివాను. చదివి పక్కన పెట్టి, మీరు చెప్పిన పని చేశాను.

ఎర్త్ వైరు మెకానిక్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాడు. ఫ్యూజులు బాగున్నాయి. పంపు చప్పుడు ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావడం లేదు. చివరికి డాష్‌బోర్డు కింద తలదూర్చి బాక్సు బయటికి తీశాడు. పెద్ద పుస్తకమంత ఉంది, చేతికి చల్లగా తగిలింది. ఇంత చిన్నదా ఇంజన్ మొత్తాన్ని ఆడించేది అన్నాను. పెట్రోలు ఎప్పుడు చల్లాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో అన్నీ అదే చెప్తుందని, అది ఊ అనకపోతే ఇంజన్ ఉట్టి ఇనుమేనని చెప్పాడు.

స్టిక్కరు నా కళ్ళతోనే చూశాను. చాలా అంకెలున్నాయి. చివరి నాలుగూ నలభై నాలుగు, పదిహేడు. ఆ తర్వాత కే అనే అక్షరం. బాక్సు మీద నీటి మరక లేదు, ప్లగ్గు సూదులకి పచ్చటి చిలుము పట్టలేదు.

ఇది సరైనదో కాదో చెప్పండి. కే అంటే ఏమిటో కూడా చెప్పండి. మీకు చిరాకని తెలుసు. కానీ ఆయన మాటలో ఎప్పుడూ ఇదే ఉండేది, బాక్సు సంగతి అక్క తర్వాతే ఎవరైనా అని.

మీ మరదలు

పాత బండ్ల యార్డు, ముందు గది

మరదలికి,

మొత్తానికి నీ కడుపులో ఉన్నది కక్కించాను.

ఆ నంబరు నాకు నోటికి వచ్చు. రెండేళ్ళ కిందటి వేసవి మొదట్లో తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, నా బండి బాక్సు కాలిపోయింది అంటే, షెడ్డులో రోజంతా వెతికి తీసి పంపింది నేను. వాడి బండికి కావాల్సింది అదే. కే అంటే చేత్తో గేర్లు వేసే బండి. అదే నంబరు చివర టీ ఉంటే ఆటోమేటిక్ గేర్ల బండి. కళ్ళు మూసుకుని చెప్పగలను. నీ మొగుడి బండి చేత్తో గేర్లు వేసేది, దానికి కే బాక్సు. ఇంతకంటే సరైన జత భూమ్మీద లేదు.

ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు నీళ్ళు నమలకుండా చెప్పు. ఆస్పత్రిలో అందరి ముందూ నువ్వు ఏమన్నావు? బండి లేవలేదు వదినగారూ, అందుకే ఆలస్యమైంది అన్నావు. చీమూ నెత్తురూ ఉన్న బాక్సు పంపాను నేను. ఆ వేసవంతా వాడు దాని మీదే తిరిగాడు, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టిందని నాకు చెప్పలేదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే అది అలిగి కూర్చుందా? ఇప్పుడు లేవడం లేదంటే రెండేళ్ళు వీధిలో ఎండబెట్టి, వానలో నానబెట్టి నువ్వు చంపి ఉంటావు. నీ చేతిలో పడ్డవి ఎన్నాళ్ళు బతుకుతాయో నాకు తెలుసు.

పిల్లకి నీ రెండో ఉత్తరంలో అంకెలున్న ముక్క మటుకు చదివి వినిపించాను. చూశావా, బాక్సు సరైనదే, బండి లేచే ఉంటుంది అన్నాను. అది తల వంచుకుంది. మీ అమ్మని ఇంకా నమ్ముతావా అని అడిగాను. నమ్మను అత్తా అంది.

వేరే బాక్సు నీకు పంపను. సరైనది ఒకటి నీ దగ్గరే ఉంది.

వదిన

మెట్ల కింద ఇల్లు
వానలు తగ్గాయి

వదినగారికి,

కోపం తగ్గాకే జవాబు రాయండి, తొందర లేదు.

మెకానిక్ రెండు సంగతులు అడగమన్నాడు. చేత్తో గేర్లు వేసే బండిలో పొరపాటున టీ బాక్సు పెడితే ఏమవుతుంది? వెంటనే తెలిసిపోతుందా, కొన్నాళ్ళు నడిచి మొరాయిస్తుందా?

రెండోది, స్టిక్కరు మీద ఒకటి ఉండి, బాక్సు ఇంకోటి అయ్యే అవకాశం ఉందా? ఉంటే ఎలా కనిపెట్టాలి?

పిచ్చుకకి నా మాటగా ఏమీ చెప్పొద్దు. అది తల వంచుకుందని రాశారు. ఆ ఒక్క వాక్యం చాలాసార్లు చదివాను.

మీ మరదలు

పాత బండ్ల యార్డు, ముందు గది

మరదలికి,

ఆ మెకానిక్ ఎవడో గానీ వాడికి పని లేదు, నీకు సిగ్గు లేదు. ఇదే ఆఖరి పాఠం, శ్రద్ధగా విను.

టీ బాక్సు బండి లేపే ముందు ఒక వైరు వంక చూస్తుంది. ఆటోమేటిక్ బండిలో గేరు ఎక్కడుందో ఆ వైరు చెప్తుంది. చేత్తో గేర్లు వేసే బండిలో ఆ చోట వైరే లేదు, ఖాళీ. ఖాళీని చూసి బాక్సు ఒక్కోసారి సరే అంటుంది, ఒక్కోసారి కాదంటుంది. చల్లటి పొద్దున పూట సరే అంటుంది. బండి ఎండలో నిలబడి లోపల వేడెక్కితే కాదంటుంది. కాదన్నదంటే స్టార్టరూ తిరగదు, పెట్రోలూ రాదు, నిప్పురవ్వా పుట్టదు. పదిమంది తోసినా లేవదు. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. అందుకే ఆ తప్పు చాలామందికి దొరకదు. నాకు దొరుకుతుంది.

ఇక స్టిక్కరు. స్టిక్కరుని నమ్మేవాడు ఈ వ్యాపారంలో ఏడాది నిలబడడు. దాన్ని మెల్లిగా లేపితే కింద అల్యూమినియం మీద అదే నంబరు చెక్కి ఉంటుంది. అది ఎవరూ మార్చలేరు. మా దగ్గర బాక్సు రాగానే స్పిరిట్‌తో కడుగుతాం. జిడ్డుతో పాటు స్టిక్కర్లూ ఊడి వస్తాయి. వాటిని ట్రేలో పక్కన పెట్టి, బాక్సు ఆరాక చెక్కిన నంబరు చూసుకుని మళ్ళీ అంటిస్తాం. ఆపైన స్టిక్కరు మూల మీద ఒక చుక్క, బాక్సు మూత బిగించిన మరల మీద ఒక్కో చుక్క గోళ్ళ రంగు పెడతాం. తర్వాత ఎవడు లేపినా ఆ చుక్క పగులుతుంది, దొంగ దొరుకుతాడు. చుక్క పగలలేదంటే ఆ బాక్సు మా యార్డు గుమ్మం ఎలా దాటిందో అలాగే ఉన్నట్టు. దానికి పూచీ నాది.

మోసం ఎలా ఉంటుందో కూడా చెప్తాను, నీకు వినోదం. ఆ వేసవిలోనే ఒక టాక్సీ ఆయన వచ్చాడు. ఆటోమేటిక్ బండికి నా దగ్గరే టీ బాక్సు కొనుక్కెళ్ళాడు. వారం తిరక్కుండా తెచ్చి బల్ల మీద పెట్టి, బండి ఒక్కసారి కూడా లేవలేదమ్మా అన్నాడు. స్టిక్కరు మీద టీ. లేపి చూస్తే కింద చెక్కింది కే. చుక్క పగలలేదు చూడండి అని ఒకటే గొడవ. రంగు ఏ కొట్లోనైనా దొరుకుతుంది, నా బాక్సు దాచుకుని చెత్త తెచ్చి అంటగడతావా అన్నాను. దొంగ అని నలుగురూ వినేలా అన్నాను. బండి మీద బతికే మనిషట, గేటు దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఆ బాక్సుని అక్కడే తుక్కు డబ్బాలో పడేశాను.

అలా ఉంటాను నేను. ఇక నాకు రాయకు.

వదిన

మెట్ల కింద ఇల్లు
చలి మొదలైంది

వదినా,

ఇక నిన్ను మీరు అనను. ఆ గౌరవం ఇన్నాళ్ళూ నీకు కాదు, నీ తమ్ముడి అక్కకి ఇచ్చాను.

నాకు బాక్సు అక్కర్లేదు. నా మొదటి ఉత్తరం నీకు చేరేలోపే, బాక్సు నా దగ్గర ఉంచుకుని కారు అమ్మేశాను. ఎర్త్ వైరు విప్పించానని, పంపు చప్పుడు విన్నానని రాసింది నిన్ను నమ్మించడానికే. అది ఇప్పుడు నా కుట్టు మిషను పక్కన ఉంది. అంతకు ముందే మెకానిక్ మూల మీది చుక్క చెదరకుండా రెండో వైపు నుంచి స్టిక్కరు లేపి చూపించాడు. పైన కే. కింద టీ. నువ్వు చెప్పినట్టు అది ఎవరూ మార్చలేరు.

నాకు తెలియక అడగలేదు. నీ చేత్తో నువ్వు రాయాలని అడిగాను. కే ఎవరికో, టీ ఎవరికో నువ్వే రాశావు. ఎండలో కాదంటుందని నువ్వే రాశావు. పదిమంది తోసినా లేవదని నువ్వే రాశావు. చుక్క పగలకపోతే పూచీ నాది అని కూడా రాశావు. నీలం రంగు చుక్క, మూల మీద ఒకటి, మరల మీద నాలుగు. ఒక్కటీ పగలలేదు. ఇన్ని పాఠాలు చెప్పినందుకు నీ రుణం ఉంచుకోను, ఒక పాఠం నేనూ చెప్తాను.

ఆ టాక్సీ ఆయన దొంగ కాదు. కడిగిన ట్రేలో రెండు బాక్సులు పక్కపక్కన ఉన్నాయి, రెండు స్టిక్కర్లు అటుదిటూ ఇటుదటూ అయ్యాయి. ఆయనకి పోవాల్సింది మా ఇంటికొచ్చింది, మాకు రావాల్సింది ఆయనకి పోయింది. ఆయన బాక్సు తెచ్చి నీ బల్ల మీద పెట్టిన రోజున నీ తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు. నువ్వు ఆయన్ని దొంగ అనకుండా, ఇంకో బాక్సు ఎక్కడికి పోయిందని ఒక్కసారి ఆలోచించి ఉంటే చాలు. ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలు. నీకు గొప్ప అడ్డొచ్చింది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం విను. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టుందన్నాడు. నడిపించుకుంటూ తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాను. తాళం తిప్పాను. దీపాలు వెలిగాయి, అంతే. మళ్ళీ తిప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని, కాసేపు ఆగు, ఎండకి ఇలాగే చేస్తుంది, చల్లబడితే లేస్తుంది అన్నాడు. ఎన్నాళ్ళుగా అన్నాను. ఆ బాక్సు పెట్టినప్పటినుంచీ అన్నాడు. అక్కకి చెప్పొచ్చు కదా అంటే, చెప్పకు, అంత వెతికి పంపింది, చిన్నబుచ్చుకుంటుంది అన్నాడు. వదినా, అతను నీకు అబద్ధం చెప్పలేదు, నీ మనసు నొచ్చుకుంటుందని నోరు మూసుకున్నాడు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. వస్తున్నామంటూనే ఉన్నారు. తోస్తే లేస్తుందేమోనని వెనక్కి వెళ్ళి తోశాను. కంకర మీద జారి పడ్డాను. మోకాళ్ళు చీరుకుపోయాయి, బట్టలు చిరిగి నెత్తురయ్యాయి. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది, ఇద్దరం తోశాం. లేవలేదు. అంబులెన్సు వచ్చేసరికి అతను సీట్లోనే ఒరిగిపోయి ఉన్నాడు. ఆస్పత్రికి అలా ఎలా వెళ్తావని పక్కింటావిడ తన బీరువాలోంచి బట్టలు తెచ్చి నా చేత కట్టించింది. నువ్వు చూసిన ఇస్త్రీ మడత ఆవిడది. ఈ మాట చెప్పడానికి నోరు తెరిస్తే, అందరి ముందూ నా మొహం మీద చెయ్యి అడ్డం పెట్టి, నీ గొంతు వినలేనన్నావు. నా కూతురి చెయ్యి పట్టుకుని తీసుకుపోయావు.

నీ తమ్ముణ్ణి చంపింది నీ యార్డు బాక్సు. రోజూ పొద్దున లేవగానే ముందు ఇది తలుచుకో.

నాకు కావాల్సింది ఒక్కటే. పిచ్చుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదంతా నీ నోటితో చెప్పు. అమ్మ ఆలస్యం చెయ్యలేదని చెప్పి దాన్ని నా దగ్గరికి పంపు. చెప్పకపోతే బాక్సూ, నీ ఉత్తరాలూ పట్టుకుని నీ కౌంటరు ముందుకే వస్తాను. అక్కడ దాని చేతే స్టిక్కరు లేపిస్తాను.

నీ తమ్ముడి భార్య

పాత బండ్ల యార్డు, ముందు గది

మరదలికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. యార్డు గేటు మూసేసి చదివాను. అక్కకి చెప్పకు అని వాడన్నాడని రాశావు. దానికి నిన్ను క్షమించను.

నువ్వు తెలివైనదానివే. కానీ ఒక్కటి చూసుకోలేదు. నీలం అన్నావు.

నా సీసాలో రంగు ముదురెరుపు. యార్డు పెట్టినప్పటినుంచీ అదే. ఎవర్నైనా అడుగు. నీలం మా యార్డులో ఒకే ఒక్క వేసవి ఉంది. సెలవులకి వచ్చి, ఊరికే కూర్చోలేక, అత్తా ఆ చుక్కలు నేను పెడతా అని నా పక్కన చేరిన పిల్ల చేతిలో ఉంది. టాక్సీ ఆయన బాక్సు మీద కూడా నీలమే. నా రంగు కాదు కాబట్టే దొంగ అన్నాను. ఎవరి రంగో నాకు ఆ క్షణంలో తట్టలేదు. నీ ఉత్తరం చదివాక తట్టింది.

నాన్న బాక్సు నేనే అంటిస్తా అని ట్రే లాక్కుంది. రెండు బాక్సులు, రెండు స్టిక్కర్లు. చెక్కిన నంబరు అది చూసిందనుకుని నేను చూడలేదు. చూడాలని దానికి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. నువ్వు ఎంత గింజుకున్నా గుర్తు రాదు.

ఇప్పుడు చెప్పు. పిలవనా? పక్క గదిలోనే ఉంది, పాత హెడ్‌లైట్లు తుడుస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని నా నోటితో చెప్పమన్నావు కదా. చెప్తాను. మీ అమ్మ తప్పేం లేదమ్మా, మీ నాన్న బండి లేవకపోవడానికి కారణం ఇదిగో, ఈ చుక్క, అని చూపిస్తాను. నా తప్పు సగం, దాని తప్పు సగం. నా సగం నేను మోస్తాను, నాకు వయసైపోయింది. దాని సగం అది ఎన్నేళ్ళు మొయ్యాలో నువ్వు లెక్క వేసుకో.

ఇంకో సంగతి. నీ ఆఖరి కవరు అది చూసింది. అమ్మ ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాస్తోంది అని అడిగింది. నేను తిట్టాను. ఊరుకోలేదు. ఆదివారం బస్సెక్కి వెళ్తాను, ఆ రోజు ఏం జరిగిందో అమ్మ నోటితోనే వింటాను అంటోంది. రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూశావు కదా, వస్తోంది. వస్తే నీ మొహం చూస్తుంది. అబద్ధం నాకు వచ్చు, నీకు రాదు. గుమ్మంలోనే తెలిసిపోతుంది.

రాకుండా ఆపాలంటే ఒకటే దారి. నేను చెప్పిందే నిజమని నీ చేతిరాతతో దానికి రాయి. ఆదివారం లోపల అందేలా పంపు. ఇష్టం లేకపోతే నువ్వన్నట్టే బాక్సు పట్టుకుని రా. కౌంటరు మీద చోటుంది.

వదిన

మెట్ల కింద ఇల్లు

వదినగారికి,

లోపల ఇంకో కవరు ఉంది, అంటించలేదు. చదివి, సరిపోయిందనుకుంటే ఇవ్వండి.

ఆ నీలం సీసా కొనిచ్చింది నేనే. బస్టాండు పక్క కొట్లో. ఎరుపు తీసుకోవే అంటే, అందరూ వేసుకునేది నాకొద్దమ్మా అంది. మీ తమ్ముడు నవ్వి, మా పిచ్చుక చెయ్యి పడితే ఎక్కడున్నా తెలిసిపోతుంది అన్నారు. బాక్సు మీద ఆ చుక్కలు ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నాయి. మీ మీద కసిలో నాకు అవి మీ తప్పుకి సాక్ష్యంలా కనిపించాయి గానీ, నా కూతురి వేలు కనిపించలేదు.

బాక్సుని మెకానిక్ దగ్గర సుత్తితో కొట్టించాను. స్టిక్కరు కాల్చేశాను. మీ ఉత్తరాలు కూడా. మీరూ నావి కాల్చేయండి.

టాక్సీ ఆయన కథ దాని ముందు ఎప్పుడూ ఎత్తకండి. అది చురుకైనది, చిటికెలో కలుపుకుంటుంది. ఆ పనిలోనే ఉంచేటట్టయితే చెక్కిన నంబరు చూడటం నేర్పండి. ఈసారి చెప్పానో లేదో గుర్తు లేదనకండి.

మీ మీద నాకున్న అసహ్యం ఎక్కడికీ పోలేదు. కానీ ఇకనుంచి దాన్ని కడుపులో పెట్టుకుని నాకు అన్నం పెట్టే పని చేసుకుంటాను.

మీ మరదలు

మెట్ల కింద ఇల్లు

పిచ్చుకకి, అమ్మ.

ఆదివారం వస్తానన్నావని అత్త రాసింది. రావద్దు. నేను ఊళ్ళో ఉండను. ఉన్నా తలుపు తియ్యను.

ఆ రోజు సంగతి నా నోటితో వినాలన్నావట. రాసేస్తే సరిపోతుంది, దానికి బస్సు ఎందుకు? నాన్నకి పొద్దున్నుంచే నలతగా ఉంది. చెప్తూనే ఉన్నారు. నాకు కుట్టుపని తొందర ఉండి పట్టించుకోలేదు. మధ్యాహ్నం బాగా ఎక్కువైంది. నాన్నే వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. నేను లోపల బట్టలు మార్చుకుంటున్నాను. నలుగురిలోకి వెళ్తున్నాం కదా, మంచివి కట్టుకుందామని, ఇస్త్రీ చేసినవి వెతుక్కుంటూ ఉండిపోయాను. ఆయన రెండు మూడుసార్లు పిలిచారు. వస్తున్నా అన్నాను. అత్త ఆస్పత్రిలో నన్ను అన్న మాటలో ఒక్కటీ తప్పు లేదు. బండి లేవలేదని నేనే అబద్ధం చెప్పాను, అందరూ నన్నే చూస్తుంటే భయమేసి.

అత్త దగ్గరే ఉండు. నీకేం కావాలన్నా అత్త చూసుకుంటుంది. నాకు ఉత్తరం రాయకు, రాసినా జవాబు ఇవ్వను.

ఆ వేసవంతా కారు నాన్నని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఎండలోనూ లేచేది, వానలోనూ లేచేది. ఆ మధ్యాహ్నం నేను తీరిగ్గా వచ్చి కూర్చుని తాళం తిప్పితే, ఒక్క తిప్పుకే లేచింది.

అమ్మ